పాలమూరు నిప్పు, అంగారకుడి కొండ

పాలమూరులో అగ్నిపర్వతాలంటే నమ్మబుద్ధి కాదు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కోటకొండ, మద్దూరు, నారాయణపేట పరిసరాల్లో ఎంత తిరిగినా కనిపించేవి చెలకలూ, రాళ్లగుట్టలూ, చెరువులే. ఆ నేల కింద మాత్రం అగ్నిపర్వతాల వేళ్లున్నాయి! సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి శిలాద్రవం గొట్టాల్లాంటి దారులు చేసుకుని పైకి తన్నుకొచ్చింది. అలా గడ్డకట్టిన రాయే కింబర్లైట్. వజ్రాలకు పేరుమోసిన దక్షిణాఫ్రికా పట్టణం కింబర్లీ పేరే దానికి పెట్టారు. అలాగని ఆశపడక్కర్లేదు, కింబర్లైట్ ఉన్నచోటల్లా వజ్రం ఉండదు.

మరి ఆ అగ్నిపర్వతాల తలలేమయ్యాయి? వానా గాలీ కోట్ల ఏళ్లపాటు అరగదీశాయి. తలలు చెక్కుచెదరని అగ్నిపర్వతాలను చూడాలంటే పొరుగు గ్రహానికి పోవాలి.

1971 నవంబరులో మెరైనర్-9 అంగారకుడి కక్ష్యలోకి చేరింది. మరో గ్రహం చుట్టూ తిరిగిన మొదటి వ్యోమనౌక అదే. తీరా చేరేసరికి గ్రహమంతా దుమ్ము తుపాను. పైకి కనిపించినవి నాలుగు నల్లటి మచ్చలే. తుపాను తగ్గుతుంటే అసలు సంగతి బయటపడింది. అవి దుమ్ముకంటే ఎత్తున నిలిచిన అగ్నిపర్వతాల శిఖరాలు. ఆస్క్రియస్, పావోనిస్, ఆర్సియా, వాటన్నిటికీ పెద్దన్న ఒలింపస్.

ఒలింపస్ ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు. నల్గొండ జిల్లాలో ఉండిన భువనగిరి కోట గుట్ట ఎత్తు 500 అడుగుల పైచిలుకు. అలాంటివి 140కి పైగా ఒకదానిమీద ఒకటి పేర్చాలన్నమాట! దాని అడుగు దాదాపు 600 కిలోమీటర్ల వెడల్పు. అంటే 2014కు ముందున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంత జాగా కావాలి. తమాషా ఏమిటంటే, భువనగిరి గుట్టను చూడాలంటే మెడ వెనక్కి వంచాలి. ఒలింపస్ మీద నిలబడితే మాత్రం కొండ మీద ఉన్నామనే తెలియదు. పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తెక్కేంత మెల్లటి వాలు అది. శిఖరం ఎక్కడో దిగంతం అవతలే ఉండిపోతుంది. అన్నట్టు, భువనగిరిది అగ్నిపర్వతం కాదు. నేల లోతుల్లో గడ్డకట్టిన గ్రానైట్, పైనున్నదంతా కొట్టుకుపోయాక బయటపడింది.

అంగారకుడి కొండలు అంతగా ఎందుకు పెరిగాయి? భూమి మీద పొయ్యి ఒకచోటే ఉన్నా పైన పెనం జరుగుతుంటుంది. అందుకే హవాయిలో ఒకే పెద్ద కొండ కాకుండా దీవుల వరస ఏర్పడింది. అంగారకుడి పెనం కదల్లేదు. లావా కోట్ల ఏళ్లు అక్కడే పొరలు పొరలుగా పడింది. గురుత్వాకర్షణ మన దగ్గరి దాంట్లో 38 శాతమే కాబట్టి అంత బరువునూ నేల మోసింది. అరగదీయడానికి వానల్లేవు. ఒలింపస్ మీది కొన్ని లావా ప్రవాహాలకు 20 లక్షల ఏళ్లే ఉంటాయని అంచనా. 2014 సెప్టెంబరు 24న అక్కడికి చేరి 2022 దాకా సంబంధాలు నిలుపుకున్న మన మంగళయాన్ కూడా ఆర్సియాను ఫొటో తీసింది. ఈ కొండల నెత్తిన చలికాలపు తెల్లవారుజామున పల్చటి మంచు పేరుకుంటోందని 2024లో తేలింది. వెంట్రుక మందం కూడా ఉండదు, ఎండెక్కితే మాయం.

ఇక్కడి పాత నిప్పు కథ కూడా చివరికి నీళ్ల దగ్గరికే వచ్చింది. పాలమూరు, నల్గొండ పల్లెల్లో గ్రానైట్ నేల మీద గీత గీసినట్టు నల్లగుండ్ల వరసలు సాగుతుంటాయి. పైకి రాలేక పగుళ్లలోనే గడ్డకట్టిన శిలాద్రవం అది. భూగర్భ శాస్త్రవేత్తలు వాటిని డైకులంటారు. పాలమూరువాటిలో వయసు లెక్కగట్టినవి 200 కోట్ల ఏళ్లు దాటాయి. ఆ రాయినే బ్లాక్ గ్రానైట్ పేరుతో కోసి అమ్ముతున్నారు. అయితే రైతుకు దాని విలువ వేరు. గట్టి డైకు నేలలోపల గోడలా నిలిచి పల్లానికి పోయే ఊటను ఆపుతుంది. గోడకు ఎగువన వేసిన బోరులో నీళ్లు పడి, దిగువన అదే లోతుకు వేసింది ఎండిపోవచ్చు. గోడ పగిలి ఉంటే ఆ పగుళ్లే ఊటకు దారి. అప్పు తెచ్చి బోరు వేసే రైతుకు ఆ గోడ ఎటు పోతోందో, ఎక్కడ పగిలిందో ముందే తెలియడం పంటంత ముఖ్యం.