సర్వే పటం గోదాములో సరుకు కాదు

అండమాన్ సముద్రంలో తవ్విన బావిలో గ్యాస్ జాడ కనిపించినట్లు 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడింది. ఇలాంటి వార్త రాగానే బజారులో తేజీ మాటలు వినిపించడం మామూలే. అయితే జాడను నిల్వగా లెక్కగట్టి బేరాలకు దిగేవారు కృష్ణా–గోదావరి తీరం నేర్పిన పాఠాన్ని మరువరాదు.

సైస్మిక్ సర్వేలో ఓడ వెనుక గాలి తుపాకులు పేలుస్తారు. ఆ ధ్వని సముద్రం అడుగున ఉన్న పొరలను తాకి తిరిగి వస్తుంది. ఓడ ఈడ్చుకుపోయే కిలోమీటర్ల పొడవు తీగల్లోని హైడ్రోఫోన్లు దానిని పట్టుకుంటాయి. నదులు యుగాలుగా తెచ్చి పోసిన ఇసుక, బంకమట్టి పొరలు ఎక్కడ ఒంగాయో, ఎక్కడ విరిగాయో, గ్యాస్ ఎక్కడ చిక్కుకొని ఉండవచ్చునో దీనివల్ల తెలుస్తుంది. ఎంత ఉందో, ఎంత పైకి వస్తుందో తేల్చవలసింది బావులే. ఒక్క బావి కూడా చాలదు. ట్రైలరు చూసి ఏరియా హక్కులు కొనే ఫిల్మ్‌నగర్ పంపిణీదారులకు ఈ తేడా బాగా తెలుసు; టిక్కెట్లు తెగితేగాని లెక్క తేలదు.

కాకినాడ తీరానికి ఎదుట డి–6లో 2002లో గ్యాస్ పడింది. ప్రధాన క్షేత్రాలలో 10 లక్షల కోట్ల ఘనపుటడుగులకు పైగా ఉన్నట్లు 2006లో అంచనా వేశారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటి, ఆపై గబగబా పడిపోయింది. అంచనా సుమారు 3 లక్షల కోట్లకు దిగింది. బావులు తగినన్ని తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భమే సహకరించలేదని కంపెనీ వాదించుకున్నాయి. ఈ గ్యాస్‌ను నమ్ముకున్న వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి విద్యుత్ కేంద్రాలకు ఇంధనం కరువై, అప్పులు మాత్రం మిగిలాయి. ఆ క్షేత్రాలు 2020లో మూతపడ్డాయి.

గుజరాత్ ప్రభుత్వ సంస్థ 2005లో ఇదే తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు ప్రకటించగా, ఆమోదం పొందినది సుమారు పదో వంతు మాత్రమే. 2017లో ఆ క్షేత్రంలో ఎక్కువ వాటాను ఓఎన్‌జిసి కొన్నది.

సర్వేను తప్పుపట్టి లాభం లేదు. అదే తీరంలో 2020 డిసెంబరు నుంచి కొత్త క్షేత్రాలు ఉత్పత్తికి వచ్చాయి. వర్తకులు అడగవలసినవి మూడే: బావులెన్ని తవ్వారు? ప్రవాహం ఎన్నాళ్లు నిలిచింది? గొట్టం ఒడ్డుకు చేరేదెప్పుడు? వీటికి జవాబు రానంతవరకు అది పటమే; దానిమీద అప్పు ఇవ్వడం, వాయిదా బేరం కట్టడం క్షేమం కాదు.