ఆ అంకె పక్కన తేదీ ఏది?

2021 జులైలో మిథాలీ రాజ్ వన్డే బ్యాటర్లలో మళ్లీ నంబర్ వన్ అయినప్పుడు సికింద్రాబాద్ అంతా మన అమ్మాయే అని మురిసిపోయింది. ఆ వారం ఎవరైనా తెలుగు వికీపీడియాలో ‘ప్రస్తుతం మొదటి ర్యాంకు’ అని రాస్తే అది నిజమే. తేదీ వేయకుండా వదిలేస్తే? 2022 జూన్‌లో ఆమె రిటైరయ్యాక కూడా ఆ ‘ప్రస్తుతం’ అక్కడే ఉంటుంది.

మహిళల జట్ల పేజీలకు ఈ బెడద ఎక్కువ. మగవాళ్ల క్రికెట్ ర్యాంకు మారిందంటే దిద్దడానికి పోటీపడతారు. మహిళల ఐస్ హాకీ జట్టు పేజీని పట్టించుకునేదెవరు? మంచు పడని ఊళ్లో ఆ ఆట గొడవ మనకెందుకు అనడం నాకు నచ్చదు. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఐస్ స్కేటింగ్ స్వర్ణాలు గెలిచింది తెలంగాణ అమ్మాయి తాళ్లూరి నయనశ్రీ. ఆమెను చూసి స్కేట్స్ కట్టుకునే పిల్ల రేపు ఐస్ హాకీ గురించి తన భాషలోనే వెతుక్కోవచ్చు. ఆ పిల్లకు పాత అంకె చూపించకూడదు.

నిజానికి ఈ ర్యాంకులు దిద్దడం పెద్ద చాకిరీ కూడా కాదు. క్రికెట్ ర్యాంకులు వారంవారం మారతాయి. ఐస్ హాకీవి ముఖ్యంగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ ముగిశాక మారతాయి, ఒలింపిక్స్ ఏడాది అయితే ఆ పాయింట్లూ కలుస్తాయి. విజేతకు 1200 పాయింట్లు. ఈ ఏడాదివి పూర్తిగా, నిరుటివి 75 శాతం, అంతకుముందువి 50, ఆపైవి 25 శాతం లెక్కిస్తారు. అందుకే బాగా ఆడిన జట్టు కూడా పాత ఏడాది లెక్కలోంచి జారిపోగానే కిందికి దిగొచ్చు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ను 2024లో యుటికాలో కెనడా, 2025లో చెక్ గడ్డమీద అమెరికా, రెండుసార్లూ అదనపు సమయంలోనే గెలిచాయి. ఒక్క గోలుతో తారుమారయ్యే వరసను నిరుటి అంకెతో చూపిస్తే ఆడినవాళ్లకు అన్యాయమే.

అంకెలన్నీ వికీలో ఒకే మూసలో (టెంప్లేట్‌లో) పెట్టి, అన్ని దేశాల పేజీల సమాచారపెట్టెలూ దాన్నుంచే తీసుకునేలా చేస్తే ఒక్కచోట దిద్దితే చాలు. తేదీ, మూలం కూడా ఆ మూసలోనే ఉండాలి. ర్యాంకు మార్చేటప్పుడు ఆ జట్టు అందుకున్న అత్యుత్తమ స్థానాన్ని మాత్రం చెరిపేయొద్దు.

మన జట్టు సంగతి వేరు. లద్దాఖ్ అమ్మాయిలే ఎక్కువగా ఉన్న భారత మహిళల జట్టు 2016లో అంతర్జాతీయ బరిలో దిగింది, మరుసటేడు బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను ఓడించి తొలి గెలుపు చూసింది, 2025లో అల్ ఐన్‌లో ఆసియా కప్ కాంస్యం తెచ్చింది. ఆసియా కప్ ఆటలకు ప్రపంచ ర్యాంకు పాయింట్లు రావు. అందుకే ఖాళీగా ఉన్న ర్యాంకు గడి చూసి తొందరపడి ఏదో ఒక అంకె, గడ్డిమీద ఆడే హాకీ ర్యాంకైనా సరే, ఎక్కించేస్తే ఆ అమ్మాయిల కథే తప్పిపోతుంది. ఆ గడిలో ర్యాంకు ఎందుకు లేదో ఒక వాక్యం, పక్కనే అల్ ఐన్ కాంస్యం, ఆ కింద తేదీ ఉండాలి. సికింద్రాబాద్ కాలేజీల్లో వికీలో రాసే పిల్లలెవరైనా ఉంటే ఈ జట్టు పేజీతో మొదలుపెట్టండి.