నీలం తెరకు దోషి ఎవరు?

వార్షికోత్సవ సంచికలో పాత విద్యార్థులు రాసేవి మామూలుగా జ్ఞాపకాలే. నీళ్ల పప్పుచారు, ట్రంకు పెట్టెలు, తెల్లవారుజాము స్టడీ అవర్. అవి మిగతా మిత్రులు ఎటూ రాస్తారు. మేము మాత్రం ఒక పాత తగాదాను మళ్లీ తెరవదలిచాం.

2004లో మన హాస్టల్‌కు ఒక దాత పాత కంప్యూటర్ ఇచ్చారు. అందులో విండోస్ 98. దానితోపాటు పాఠాల సీడీ ఒకటి. అందరికీ ఆ ఒక్కటే డిస్కు. చేతులు మారి మారి, కవరు పోయి, అడుగువైపు గీతలు పడ్డాయి. ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి తమ్ముడు గుండె పాఠం తెరిచాడు. డ్రైవ్ గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తెరంతా నీలం! "ఏం నొక్కావురా?" అని మొదట గద్దించింది మేమే. నెల రోజులు ఆ గదికి తాళం పడింది. పదో తరగతి అయ్యేదాకా ఆ తమ్ముడు మళ్లీ మౌస్ ముట్టలేదు.

తర్వాత మాలో కొందరం కంప్యూటర్ చదువుల్లో పడ్డాక అసలు సంగతి తెలిసింది. అతను తప్పుగా నొక్కింది ఏమీ లేదు.

మామూలుగా ఫైల్ చదవాలంటే ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అది చదివి ఇస్తుంది, లేదా చదవలేకపోయానని జవాబు చెబుతుంది. ఫైల్‌ను మెమరీకి మ్యాప్ చేసే పద్ధతి వేరు. ఫైల్ మొత్తం అప్పటికే మెమరీలో ఉన్నట్టు ప్రోగ్రామ్‌కు చూపిస్తారు. నిజానికి ఏ పేజీ ముట్టుకుంటే ఆ పేజీనే సిస్టమ్ అప్పటికప్పుడు డిస్కు నుంచి తెస్తుంది. సీడీ మీది నుంచే నడిచే ప్రోగ్రామ్ కూడా ఇలాగే పేజీ పేజీగా వస్తుంది. పేజీ అంటే 4096 బైట్లు, డేటా సీడీలో సెక్టారుకు 2048. ఒక్క పేజీకి రెండు సెక్టార్లూ సరిగ్గా రావాలి. ఒకదాని మీద లోతైన గీత ఉంటే?

ఇక్కడే చిక్కు. ప్రోగ్రామ్ ఎవరినీ అడగలేదు, తన మెమరీని తాను చూసుకుంటున్నానని అనుకుంటోంది. నోటికి వచ్చిన ఎక్కం చెబుతుంటే మధ్యలో ఒక అంకె మాయమైనట్టు. "లేదు" అని జవాబు రావడానికి దారే లేదు. అందుకే ఎక్స్‌పీ నుంచి ఇప్పటి విండోస్ దాకా ఇన్‌పేజ్ ఎర్రర్ అనే ఎక్సెప్షన్ వస్తుంది, లైనక్స్‌లో సిగ్‌బస్ అనే సంకేతం వస్తుంది. దాన్ని పట్టుకునే కోడ్ రాయకపోతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. కెర్నలో, ఏదైనా డ్రైవరో జాగ్రత్త లేకుండా అలాంటి పేజీని ముట్టుకుంటే మొత్తం సిస్టమే కూలుతుంది. విండోస్ 98లోనైతే సీడీ చదవడం కుదరకపోతేనే నీలం తెర పడేది.

ఇది తయారీదారులకు తెలియని సంగతి కాదు. మైక్రోసాఫ్ట్ లింకర్‌లో స్వాప్‌రన్ అనే ఆప్షన్ ఉంది. దానికి సీడీ అని చెబితే ప్రోగ్రామ్‌ను ముందు స్వాప్ ఫైల్‌లోకి కాపీ చేసి అక్కడి నుంచి నడుపుతారు. డేటా ఫైళ్లకు అది పనిచేయదు, ప్రోగ్రామర్ స్వయంగా చూసుకోవలసిందే. పిల్లల చేతుల్లో తిరిగే డిస్కుకు గీతలు పడతాయని ఊహించని ప్రోగ్రామర్‌ను వదిలేసి, తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని నిలబెట్టాం. డిస్కును సరిగా దాచుకోకపోవడం మాత్రం అందరి తప్పూ, అది ఒప్పుకుంటాం. వచ్చిన రోజే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి ఉంటే ఏ ఫైల్ చదవడం లేదో అప్పుడే తేలేది.

సీడీలు పోయాయి కదా, ఇప్పుడీ గొడవ ఎందుకంటారా? పెన్‌డ్రైవ్ నుంచి ప్రోగ్రామ్ నడుస్తుండగా లాగేసి చూడండి, అదే ఎర్రర్. మొన్న ల్యాబ్ చూడటానికి వెళ్తే గోడ మీద కాగితం కనిపించింది: "కంప్యూటర్ పాడు చేసినవారు జరిమానా కట్టవలెను." వార్డెన్ గారికి మా మనవి. దాన్ని తీయించి, పాఠం ఏదైనా ముందు కాపీ చేసుకుని తర్వాత తెరవండి అని రాయించండి. కంప్యూటర్ ఆగిపోతే తెర మీద ఏం వచ్చిందో రాసుకోవడానికి పక్కన ఒక నోటుబుక్కు పెట్టించండి. నోటుబుక్కు ఖర్చు మాది.

ఆ తమ్ముడు ఈసారి వార్షికోత్సవానికి వస్తున్నాడట. మేమూ వస్తున్నాం. అతనికి చెప్పవలసిన మాట ఒకటి చాలా ఏళ్లుగా మా దగ్గరే ఉండిపోయింది.