తువాలు ఏనుగు

గత వేసవి సెలవులలో నొకనాటి సాయంకాలమున మన పాఠశాల పూర్వవిద్యార్థి తండ్రి యొకరు మా యింటికి వచ్చిరి. వారి కుమారుడు హోటలు నిర్వహణ చదివి, విదేశీయ విహారనౌక యొకదానిలో గదులు సర్దు స్టీవార్డుగా నున్నాడు. ఆయన సెల్‌ఫోను తీసి నాకొక ఛాయాచిత్రమును చూపిరి. తెల్లని పరుపుపై తెల్లని ఏనుగు తొండమెత్తి నిలిచియున్నది. అది రెండు తువాళ్ళతో చేసిన ఏనుగు. నేను నవ్వి, "చక్కగా నున్నదే!" యంటిని. ఆయన నవ్వలేదు. "మాస్టారూ, పొలము తాకట్టు పెట్టి చదివించితిని. వీడు సముద్రము దాటిపోయి తుండుగుడ్డలతో బొమ్మలు చేయుచున్నాడు. బంధువులడిగిన నేమని చెప్పవలెను?" అనిరి.

ఆనాడు నేను తగిన ప్రత్యుత్తరమీయలేకపోతిని. అట్టి ప్రశ్న మన విద్యార్థుల తలిదండ్రులలో మరికొందరికిని కలుగవచ్చును గనుక, నా యభిప్రాయమునిచ్చట వ్రాయుచున్నాను.

విహారనౌకలలో నొక వాడుక కలదు. ప్రయాణికులు రాత్రి భోజనము ముగించి గదికి వచ్చునప్పటికి పడక సర్దబడి, దానిపై తువాలుతో చేసిన జంతువొకటి కూర్చుండి యుండును. ఒకనాడు హంస, మరునాడు కుక్క. కోతినైనచో చొక్కాలు తగిలించు హ్యాంగరునకు వ్రేలాడదీయుదురు. ఏనుగును చేయుటకు పెద్ద తువాలును రెండుకొనల నుండియు నడిమికి చుట్టి, సగమునకు వంచి నిలువబెట్టిన నాలుగు కాళ్ళగును. చిన్న తువాలు తలయు తొండమును అగును. సూదిదారములతో పని లేదు. విప్పి దులిపిన మరల తువాలే. బట్టను మడిచి రూపములు కల్పించుట క్రొత్త సంగతి కాదు. ఇటలీ దేశపు పాదువా నగరమున 1629లో మత్తియా గీగెర్ అనునతడు భోజనపు బల్లలపై నుంచు వస్త్రములను మడుచు విధమును గూర్చి బొమ్మలతో గ్రంథము ప్రకటించెను.

ఈ యుద్యోగము మనకు దూరపుది కూడ కాదు. 2022 జూన్ మాసమున ఎంప్రెస్ అను విహారనౌక విశాఖపట్టణమునకు వచ్చి అచ్చటినుండి పుదుచ్చేరి, చెన్నై పట్టణములకు యాత్రికులను గొనిపోయెను. 2023లో విశాఖలో విహారనౌకలకై ప్రత్యేకముగ నొక టెర్మినలు ప్రారంభింపబడెను. ఇకముందు మన పిల్లలు కొందరీ పనికి పోవుట నిశ్చయము.

మనమున్నది కూచిపూడిలో. ఇచ్చటి బాలబాలికలు చేతులతో జంతువులను చూపుట నేర్చుచునే పెరుగుదురు. అభినయదర్పణమున మృగశీర్షము, సర్పశీర్షము, సింహముఖము అను హస్తములు చెప్పబడినవి; రెండు చేతులు కలిపినచో మత్స్యము, కూర్మము, వరాహము. ఒక చేతి వెనుకభాగముపై రెండవ యరచేతినుంచి బొటనవ్రేళ్ళు కదల్చగనే చేప యీదుచున్నదని మనము చప్పట్లు కొట్టుదుము. నృత్యమునకు ఏండ్లకొలది సాధన వలయును. తువాలు ఏనుగు కొలది దినములలో పట్టుబడును. రెండును సమానములని నేను చెప్పను. కాని లేని జంతువును చేతితో కల్పించి యెదుటివారికి సంతోషము కలిగించుట రెండింటను గలదు. ఒకదానిని కళయనియు, రెండవదానిని సిగ్గుచేటనియు మనమనుట ఆ పని చేసినవాడు జీతగాడగుటచేతనే గదా?

బట్ట పట్టిన చేతిని చిన్నచూపు చూచుట ఈ సీమవారికి బొత్తిగ తగదు. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు అను ఓడ మన బందరు రేవునకు వచ్చినది. డచ్చివారంతకు ముందే వచ్చియుండిరి. వారెల్లరు కోరివచ్చిన సరకులలో ముఖ్యమయినది మన వస్త్రమే. నేసినవారు, అద్దకము వేసినవారు, నీట జాడించినవారు, మడిచి మూటగట్టినవారు, వీరందరి చేతులవలననే బందరు పేరు సముద్రములు దాటెను. పెడనలో నేటికిని కలంకారీ యచ్చులు పడుచునేయున్నవి.

ధనికుల వినోదమునకై చేయు వృథాప్రయాస యిదియని కొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. ఒక్కొక్క బొమ్మకు అయిదు నిమిషములనుకొన్నను, ఇరువది గదులకు నూరు నిమిషములగును. అదియు దినమంతయు పనిచేసిన పిమ్మట. కావున విచారింపవలసినది బొమ్మను గూర్చి కాదు, ఆ నూరు నిమిషములను గూర్చి. నేనా తండ్రిని, "అబ్బాయికి దినమునకెన్ని గంటల విశ్రాంతి? ఒడంబడిక పత్రపు ప్రతి మీయొద్ద నున్నదా?" అని యడిగితిని. ఆయనకు తెలియదు. ఏజెంటునకు మాత్రము ఉద్యోగమిప్పించినందులకు పెద్దమొత్తమే చెల్లించిరట!

తలిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులివి. నావికుల శ్రమను గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక 2006లో ఏర్పడి, 2013 ఆగస్టు 20 నుండి అమలులోనికి వచ్చెను. భారతదేశము దానిని 2015లో అంగీకరించెను. గదుల పరిచారకులకును అది వర్తించును. దాని ప్రకారము ఏ 24 గంటలలోనైనను పది గంటలకును, ఏడు దినములలో 77 గంటలకును తక్కువగాని విశ్రాంతి యుండవలెను. లేదా పని 24 గంటలలో 14 గంటలకును, ఏడు దినములలో 72 గంటలకును మించరాదు. ఉద్యోగమిప్పించినందులకు నావికునివద్ద ఏజెంటు రుసుము పుచ్చుకొనరాదు. వైద్యధ్రువపత్రము, నావికుని పుస్తకము, పాస్‌పోర్టు, వీని ఖర్చు మాత్రము నావికునిపై పడవచ్చును. ఏజెంటునకు ముంబయిలోని నౌకాయాన డైరెక్టరేటు జనరల్ వారి లైసెన్సు కలదో లేదో మొదట విచారింపవలెను. సంతకమైన ఒడంబడికను చదివి, ప్రతిని ఇంట నుంచుకొనవలెను.

క్రీస్తు తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెనని మన పాఠశాలలో పిల్లలకు బోధించుచున్నాము. అట్టి మనము తువాలు మడిచిన కుమారుని తలచి తలవంచుకొనుట యెట్లు?

విద్యార్థులారా, మీ పడక సర్దినవారెవరో, మీ బట్ట మడిచినవారెవరో గమనింపుడు. వారికి కృతజ్ఞత చెప్పుడు. మీలో నెవరైన నా పనికే పోయినయెడల, ఏనుగును చక్కగా నిలువబెట్టుడు. మీ విశ్రాంతి గంటలను గూడ లెక్కపెట్టుకొనుడు.

ఇక నా తండ్రికి నా ప్రత్యుత్తరమిది: "అయ్యా, బంధువులడిగిన, 'మావాడు ఓడలో గదుల పని చేయును, రెండు తువాళ్ళతో ఏనుగును చేయగలడు, దినమునకు పది గంటల విశ్రాంతి వానికి దొరకుచున్నది' అని చెప్పుడు. మొదటి రెండు మాటలు చెప్పుటకు సిగ్గుపడకుడు. మూడవది చెప్పలేనిచో, ఈ రాత్రియే వానికి ఫోను చేసి యడుగుడు."