రచ్చబండ కట్టితే చాలునా?



చెన్నై మహానగరం తిరువళ్ళూరును దాటి తిరుత్తణి వైపు పెరుగుతున్నది. దానితోపాటు అంతర్జాతీయ పాఠశాలల కరపత్రాలూ మన వాకిళ్ళకు వస్తున్నవి. వాటిలో తరచుగా కనిపించే మాట 'సమాజ కేంద్రిత ప్రాంగణం'. నడుమ మండువా, చుట్టూ వరండాలు, చెట్టు క్రింద రచ్చబండ, ఆరుబయలు రంగస్థలం. పిల్లలు, పెద్దలు కలిసిమెలిసి మసలేందుకు అనువైన కట్టడమట! కట్టడాన్ని నేను తప్పుపట్టను. నాలుగు గోడల నడుమ ఉక్కకన్న చెట్టునీడ మేలు. అయితే ఒక్క ప్రశ్న: అది ఏ సమాజానికి కేంద్రం?

మండువా మనది, అరుగు మనది, రచ్చబండ మనది. వాటి ఆకారాన్ని లోనికి తెచ్చుకొని, వాటిమీద తరతరాలుగా పలికిన మాటను గేటు బయట నిలబెట్టడం ఏమి న్యాయం?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినది గాని, పళ్ళిపట్టు, పొదటూరుపేటల మగ్గాల ఇండ్లలో తెలుగు మాట మాయలేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి చేస్తూ, 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. తమిళం మనకు పరాయిది కాదు. మన బిడ్డలు నేర్వవలసినదే. కాని తెలుగుకు చోటు ఇరుకవుతున్న వేళ, ఎకరాల కొద్దీ స్థలమున్నవారు సైతం దానికి ఒక్క గది కేటాయించకపోతే ఎట్లు?

'మాతృభాషలో ప్రాథమిక విద్య అందించే బాధ్యతను రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రభుత్వాలపై పెట్టినది గాని మాపై కాదు' అని వారు అనవచ్చును. నిజమే. కాని 'సమాజ కేంద్రితం' అన్న బిరుదు వారు తమకు తామే తగిలించుకొన్నది. తగిలించుకొన్న బిరుదుకు లెక్క చెప్పవలసినదే.

ఇది సాధ్యం కాని కోరిక కాదు. మదనపల్లె సమీపాన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ ఆంగ్ల మాధ్యమ పాఠశాలయే. అయినను అది చుట్టుపక్కల పల్లెలలో చిన్న చిన్న బడులు పెట్టి, పల్లె పిల్లలకు తెలుగులోనే చదువు చెప్పినది. అట్టలపై పాఠాలను మెట్లుగా అమర్చిన ఆ పద్ధతి స్ఫూర్తితోనే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులలో కృత్యాధార బోధన మొదలై, 2007-08లో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వ్యాపించింది. అనగా, తెలుగు పల్లెలో తెలుగు పిల్లల కొరకు పుట్టిన ఆలోచన తమిళ బిడ్డలకూ ఉపకరించింది. సమాజాన్ని కేంద్రంగా ఉంచుకొనడమంటే ఇది. సిమెంటు అరుగు పోయించడం కాదు.

కనుక ప్రవేశ పత్రంపై సంతకం చేసేముందు ఈత కొలను లోతు అడగకండి. ఈ మూడు అడగండి: తెలుగు నేర్పే ఉపాధ్యాయుడున్నాడా? గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలున్నవా? మన ఊరి అవ్వ ఆ రచ్చబండపై కూర్చుండి తెలుగులో కథ చెప్పేందుకు గేటు తెరచుకొనునా?

మూడింటికీ లేదనే జవాబు వస్తే, మీ వీధి చివరి తెలుగు బడిని ఒకసారి చూడండి. అక్కడ మండువా లేకపోవచ్చును, పైకప్పు కారుతూ ఉండవచ్చును. కప్పును బాగుచేయించుకొనగలము. పిల్లలు రాక ఆ బడి మూతపడితే మరల తెరిపించుకొనడం మన తరం కాదు.