బడి తెరిచారు, అమ్మాయి ఎక్కడ?

2021 సెప్టెంబరు 1న తెలంగాణలో బడులు తెరుచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు పక్షం రోజుల ముందే, ఆగస్టు 16న తెరిచారు. 2020 మార్చిలో మూతబడి, మధ్యలో కొన్నాళ్ళు తెరుచుకుని, మళ్ళీ మూతబడిన బడులివి. తెరిచినా మస్జిద్ మెట్ల మీద వాదం మాత్రం ఆగలేదు. మరణం రాసిపెట్టిన ఘడియకే వస్తుంది, ఈ మాస్కులూ దూరాలూ ఎందుకని ఒకరన్నారు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు అప్పటికి టీకాయే మొదలుకాలేదు, వారి ప్రాణాలతో ఆటలా అని మరొకరు అడిగారు. ఇద్దరూ అల్లాహ్ పేరు మీదనే మాట్లాడారు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన మొదట ముహాజిర్లను పిలిచి అడిగారు. వారు ఏకాభిప్రాయానికి రాలేదు. అన్సార్లను అడిగారు, వారూ అలాగే చీలారు. ఆ తర్వాత ఖురైష్ పెద్దలను అడిగితే, ప్రజలను తీసుకుని వెనుదిరగమని అందరూ ఒకే మాట చెప్పారు. తిరుగు ప్రయాణం ప్రకటించగానే హజ్రత్ అబూ ఉబైదా (రజి), దైవ విధి నుండి పారిపోతున్నారా అని ప్రశ్నించారు. ఒక దైవ విధి నుండి మరొక దైవ విధి వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. లోయలో పచ్చిక ఉన్న వైపు మేపినా, ఎండిన వైపు మేపినా ఒంటెలను మేపేది విధి ప్రకారమే కదా అన్నారు. అప్పటివరకు అక్కడ లేని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ప్రాంతానికి వెళ్ళవద్దనీ, ఉన్నచోట అది వ్యాపిస్తే పారిపోవద్దనీ దైవప్రవక్త (స) చెప్పిన మాటను వినిపించారు. అబూ ఉబైదా (రజి) తన సైన్యంతో సిరియాలోనే నిలిచి, ఆ అమ్వాస్ ప్లేగులోనే కన్నుమూశారు. ఆ ఇద్దరిలో ఎవరి విశ్వాసాన్నీ మనం శంకించం.

ఈ హదీసును మేము ఏటా బోధిస్తాం. నిర్ణయానికి ముందు ఆయన ఎందరిని అడిగారో ఈ ఏడాదే మా మనసుకు తట్టింది.

ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఏ విద్యార్థినీ బలవంతం చేయరాదనీ, గురుకులాలు, హాస్టళ్ళు ఇప్పుడే తెరవరాదనీ ఆగస్టు 31న తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. మా దృష్టిలో అది సమంజసమే. మా మదరసా వసతి గృహాన్నీ మూసే ఉంచాం. మూసివేత ఖరీదు ఏమిటో తెలియక కాదు. పద్దెనిమిది పారాలు కంఠస్థం చేసి ఇంటికి వెళ్ళిన పిల్లవాడొకడు మొన్న వచ్చి వినిపించబోయి, ఆరో పారాలోనే ఆగిపోయాడు. తల వంచుకుని చాప అంచు లాగుతూ కూర్చున్నాడు. రోజూ పాత పారాలు అప్పజెప్పించుకునే ఉస్తాద్ లేకపోతే ఖుర్ఆన్ నిలవదు. వాడిని ఏమనగలం? లెక్కలూ అంతే, ఇంగ్లీషూ అంతే.

మా ఆక్షేపణ వేరే ఉంది. బలవంతం లేదన్న వెసులుబాటును కొన్ని ఇళ్ళలో ఎలా వాడుకున్నారో చూశాం. గత జుమా తర్వాత ఒక తండ్రి మా వద్దకు వచ్చారు.

"మౌలానా సాబ్, అమ్మాయిని బడికి పంపడం లేదు. వ్యాధి భయం."

"మరి అబ్బాయి?"

"వాడు వెళ్తున్నాడు. ఏడో తరగతి."

అబ్బాయికి లేని వ్యాధి అమ్మాయికి ఎలా వస్తుందని అడిగాం. ఆయన కాసేపు మౌనంగా ఉండి, అసలు మాట చెప్పారు. తొమ్మిదో తరగతి చదువు ఎలాగూ ఆగిపోయింది, మంచి సంబంధం ఉంటే చూడమన్నారు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. దూరదర్శన్ పాఠాలు సరే గానీ, ఫోనులో వచ్చే పాఠాలన్నీ ఈ ఏడాదిన్నరా తమ్ముడే విన్నాడట.

ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? తల్లిని అడిగారా? మేము అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. పద్దెనిమిదేళ్ళు నిండనిదే నికాహ్ చదివించబోమని స్పష్టం చేశాం. బడిలో ఉపాధ్యాయులు టీకా వేయించుకున్నారో లేదో, కిటికీలు తెరుస్తున్నారో లేదో స్వయంగా వెళ్ళి చూడమన్నాం. చూశాక కూడా భయమే అనిపిస్తే ఇద్దరు పిల్లలనూ ఇంట్లోనే ఉంచుకోమన్నాం. ఫోను మాత్రం రోజు విడిచి రోజు అమ్మాయి చేతికి ఇవ్వాలని చెప్పాం.

ఆలోచిస్తానన్నారు. ఇది రాసేనాటికి ఆ అమ్మాయి ఇంకా బడికి వెళ్ళలేదు.