వెన్ను శస్త్రచికిత్స తరువాత మంచం మందు కాదు

వెన్నుకు శస్త్రచికిత్స అయిన మనిషి ఇంటికి వస్తున్నాడంటే మన కుటుంబాలు మొదట చేసే పని మంచం సిద్ధం చేయడం. "నువ్వు కదలకు, అన్నీ మేము చూసుకుంటాం" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది గాని వైద్యం లేదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, డిస్క్ శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన ఒక రైతుకు నెల రోజులు మంచం దిగవద్దని చెప్పాను. ఆయన తు.చ. తప్పక పాటించాడు. గాయం చక్కగా మానింది. కాని కాళ్ళ కండరాలు కరిగిపోయి, లేచి నిలబడడానికి ఇద్దరి సాయం కావలసి వచ్చింది. ఆయన తిరిగి పొలంలో అడుగుపెట్టేసరికి నాట్ల అదను దాటిపోయింది. ఆ నష్టం జబ్బు వల్ల వచ్చినది కాదు, నా సలహా వల్ల వచ్చినది.

జారిన డిస్క్ నరాన్ని నొక్కడం వల్ల కాలి నొప్పి వస్తుందనీ, శస్త్రచికిత్సతో దానిని తగ్గించవచ్చుననీ 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ వెల్లడించారు. ఆ తరువాత చాలాకాలం రోగులను రోజుల తరబడి పడుకోబెట్టేవారు. నేడు సాధారణ డిస్క్ శస్త్రచికిత్స అయినవారిని అదే రోజో, మరునాడో నడిపిస్తున్నారు. కదలకుండా పడుకుంటే కండరాలు క్షీణిస్తాయి, మలబద్ధకం పెరుగుతుంది. కాలి సిరలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు.

అందుచేత ఇంట్లోనే రోజుకు నాలుగైదు సార్లు, కొద్ది నిమిషాల చొప్పున నడవాలి. క్రమంగా సమయం పెంచాలి. మంచం మీద నుంచి నేరుగా లేవకూడదు. పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించుతూ, చేతుల ఆసరాతో లేవాలి. ఒకేచోట అరగంటకు మించి కూర్చోరాదు. నీళ్ళ బిందె, బియ్యం బస్తా, చంకనెక్కే మనవడు – ఈ బరువులేవీ మొదటి ఆరు వారాలు ఎత్తరాదు. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డికి బదులు కమోడ్ వాడాలి. రాడ్లు, స్క్రూలు అమర్చినవారికి నియమాలు వేరుగా ఉంటాయి. వారు తమ శస్త్రవైద్యుని మాటే వినాలి.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని రోగికి కారప్పొడి అన్నం పెట్టడం ఇంకా చూస్తూనే ఉన్నాను. గాయం మానడానికి కావలసినవి మాంసకృత్తులే. పప్పు, పెరుగు, గుడ్డు, చేప అన్నీ పెట్టండి. మధుమేహం ఉంటే చక్కెరను అదుపులో ఉంచండి. పొగ మానిపించండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. మూత్రం బిగబట్టడం, తెలియకుండా మలమూత్రాలు పోవడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ తగ్గడం, కాలిలో కొత్తగా బలహీనత, జ్వరం, గాయం నుంచి చీము లేదా నీరు కారడం, పిక్క వాపు, ఆయాసం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కుటుంబసభ్యులకు నా మనవి ఒక్కటే. అన్నం కంచం మంచం దగ్గరకు తీసుకువెళ్ళకండి. చేయి అందించి, మనిషినే కంచం దగ్గరకు నడిపించండి.